గది కుదిరాకే మైకు

ప్రశ్న: ఇంట్లో ఒక గదిని స్టూడియోగా మార్చి వాయిస్ ఓవర్లు, ఆడియో పుస్తకాలు రికార్డు చేసే పని మొదలుపెడుతున్నాను. గోడల నిండా గుడ్ల అట్టలు అతికించినా గొంతు డబ్బాలోంచి వచ్చినట్టే ఉంది. ఖరీదైన మైకు కొంటే పోతుందా?

జవాబు: పోదు. మంచి మైకు ఆ డబ్బా మోతను ఇంకా బాగా పట్టిస్తుంది. డబ్బు ముందు గదికి పెట్టండి. గుడ్ల అట్ట అంటే పల్చటి కాగితం. కీచుమనే పై స్థాయి శబ్దాన్ని కొంచెం తగ్గిస్తుంది, అంతే. డబ్బా మోత ఉండేది సుమారు 200 నుంచి 500 హెర్ట్జ్ మధ్య. దాన్ని మింగాలంటే మందం కావాలి. 10 సెం.మీ. మందం రాక్‌వూల్ (రాతి నార) పలకను చెక్క ఫ్రేములో బిగించి, గాలి ఆడే బట్ట చుట్టి, గోడకు మరో 10 సెం.మీ. ఎడంగా నిలపండి. ఆ ఖాళీ వల్ల అదే పలక ఇంకా కింది స్థాయి దాకా పనిచేస్తుంది. రాక్‌వూల్ కోసేటప్పుడు మాస్కు, గ్లౌజులు మరవొద్దు.

రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవున్న పలకలు ఆరు ఉంటే పని మొదలుపెట్టవచ్చు. అవి ఎక్కడ పెట్టాలన్న దగ్గరే చాలామంది పొరబడతారు, అన్నీ మైకు వెనకే నిలుపుతారు. కార్డియాయిడ్ మైకు ఎక్కువగా వినేది తన ఎదుట ఉన్నదాన్ని, అంటే చదివేవారి గొంతుతోపాటు వారి వీపు వెనక గోడను కూడా. కాబట్టి రెండు పలకలు వీపు వెనక, పక్కలకు చెరొకటి, తల పైన రెండు గట్టి కొక్కేలకు వేలాడదీయండి. గది నడిమధ్యలో మాత్రం కూర్చోవద్దు, అక్కడ కింది స్వరాలు కొన్ని ఉబ్బుతాయి, కొన్ని మాయమవుతాయి. మైకుకు జానెడు దూరం, మధ్యలో పాప్ ఫిల్టర్ (ప, బ లాంటి అక్షరాల గాలి తాకిడిని ఆపే తెర). ఇప్పుడు చప్పట్లు కొట్టి చూడండి. వెనకాల 'ట్రర్ర్' మని తోక వినిపిస్తే, ఎదురెదురు గోడలు రెండు ఇంకా బోసిగా ఉన్నట్టు.

ప్రశ్న: రికార్డింగ్ నిశ్శబ్దంగానే ఉంది. అయినా నాయిస్ ఎక్కువని ఫైళ్లు వెనక్కి వచ్చాయి. ఎందుకు?

జవాబు: కంప్రెషన్ (గట్టిగా పలికినవాటిని తగ్గించి స్థాయిని సమం చేయడం) తర్వాత కొలిచారా? ఏసీఎక్స్ (ఆడిబుల్‌కు ఆడియో పుస్తకాలు పంపే వేదిక) అడిగేది ఇది: సగటు స్థాయి (ఆర్ఎంఎస్) మైనస్ 23, మైనస్ 18 డెసిబెల్స్ మధ్య, శిఖరాలు మైనస్ 3 దాటకూడదు, నాయిస్ మైనస్ 60 కన్నా కింద. మీ గది నాయిస్ మైనస్ 65 ఉందనుకోండి. గొంతును కంప్రెస్ చేసి, మొత్తం 8 డెసిబెల్స్ పైకి లేపితే నాయిస్ మైనస్ 57కి చేరుతుంది. ఫైలు తిరిగొచ్చేది అందుకే. నాయిస్ రిడక్షన్‌ను గట్టిగా తిప్పితే గొంతు నీళ్లలోంచి మాట్లాడినట్టవుతుంది. ఫ్యాను, ఏసీ ఆపి, కంప్యూటర్‌ను గది బయటికి నెట్టి, 24 బిట్‌లో శిఖరాలు మైనస్ 12 దగ్గర ఉండేలా మళ్లీ రికార్డు చేయండి. ప్రతి సెషన్‌లో పది సెకన్ల ఖాళీ గది శబ్దం కూడా తీసి ఉంచండి. కత్తిరించిన చోట్ల అదే అతకాలి, పూర్తి నిశ్శబ్దం పెడితే చెవికి గుంతలా తగులుతుంది.

ప్రశ్న: గంటకింత అని రేటు చెప్పవచ్చా?

జవాబు: ఏ గంటో తేల్చి చెప్పండి. పూర్తయిన ఆడియో ఒక గంటకు రికార్డింగ్‌కు రెండు గంటలు, ఎడిటింగ్‌కు మూడు, పుస్తకం ఎదురుగా పెట్టుకుని వినడానికి ఒకటి పడతాయి. ఆరు గంటలకు తక్కువ లెక్కేస్తే నష్టమే. పూర్తయిన గంటకే రేటు కట్టి, సగం ముందు తీసుకోండి. తప్పు మీదైతే మళ్లీ చదివించడం ఉచితం, పని ఇచ్చినవాళ్లు వాక్యం మార్చితే రుసుము, ఈ మాట కాగితం మీద ఉండాలి. ఐదు నిమిషాల నమూనా పంపి, వేగం, ఉచ్చారణ సరేనని రాతలో ఒప్పించుకున్నాకే మిగతాది చదివించండి. సెషన్ ఫైళ్లు ఎవరివో కూడా అప్పుడే రాసుకోండి. పని ముగిశాక అడిగితే అది గొడవే.