పూలజడ ఫొటోదా, మేనరికానిదా తప్పు?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా. పెళ్లయ్యాక బెంగళూరు వచ్చి మారతహళ్లిలో స్థిరపడ్డాం. నా భర్త నాకు సొంత మేనమామ. పదిహేడేళ్ల మా అబ్బాయి రెండో పీయూసీ (ఇంటర్ రెండో ఏడాది) చదువుతున్నాడు. "అమ్మా, నేను అబ్బాయిని కాను, లోపల ఎప్పుడూ అమ్మాయినే" అని ఈమధ్య ఏడుస్తూ చెప్పాడు. ఆడపిల్ల లేదన్న ముచ్చటతో రెండేళ్లప్పుడు గౌను తొడిగి, పూలజడ వేసి ఫొటో తీయించాను. అందుకే ఇలా అయ్యాడని అత్తగారైన మా అమ్మమ్మ అంటోంది. మేనరికం వల్ల రక్తంలోనే దోషం వచ్చిందని మావారు అంటున్నారు. ఇంజెక్షన్లతో, హిప్నాటిజంతో మూడు నెలల్లో మార్చేస్తానన్న ఒకాయన దగ్గరకు తీసుకువెళదామంటున్నారు. కారణం రక్తమా, పెంపకమా?
— ఒక తల్లి, బెంగళూరు

జవాబు: అమ్మా, మీ ఇంట్లో నడుస్తున్నది విచారణ. అమ్మమ్మ మిమ్మల్ని ముద్దాయిని చేశారు. మీవారు సంబంధం కుదిర్చిన పెద్దలను, అంటే చివరికి ఆ అమ్మమ్మనే, బోనెక్కించారు. దోషి ఎవరో తేలితే బిడ్డ మాట చెరిగిపోతుందా? అయినా అడిగారు కనుక రెండు అభియోగాలనూ చూద్దాం.

మగపిల్లాడికి జడ వేసి ఫొటో తీయించడం మన ఇళ్లలో ఎంత మామూలో మీకు తెలుసు. ఆ ఫొటోల్లోని పిల్లల్లో చాలామంది ఇప్పుడు మీసాలు మెలేస్తున్నారు. స్థానం నరసింహారావు గారు రంగస్థలం మీద, వేదాంతం సత్యనారాయణ శర్మ గారు కూచిపూడిలో సత్యభామగా ఏళ్ల తరబడి జనాన్ని మైమరపించారు. వేషం తీశాక ఇద్దరూ మగవాళ్లుగానే బతికారు. ఇక కెనడాలో 1965లో పుట్టిన డేవిడ్ రైమర్ సంగతి చూడండి. పసితనంలో సున్తీ శస్త్రచికిత్స వికటించడంతో, జాన్ మనీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త సలహా మేరకు అతన్ని ఆడపిల్లగా పెంచారు. పేరు, గౌన్లు, ఆ తర్వాత హార్మోన్లు, అన్నీ ఆడపిల్లవే. అవేవీ అతనికి అతకలేదు. పద్నాలుగేళ్లప్పుడు నిజం తెలిశాక మగవాడిగా బతకడానికే నిశ్చయించుకున్నాడు. ఒక్కరి కథతో సిద్ధాంతం కట్టకూడదు కానీ, అంత గట్టి పెంపకమే చేయలేని పని మీ ఒక్క పూట ముచ్చట చేసిందంటే నేను నమ్మను.

మేనరికం విషయంలో మీవారి భయానికి కొంత ఆధారం ఉంది, కానీ అది వేరే చోట. తల్లి ద్వారా, తండ్రి ద్వారా ఒకే పూర్వీకుల జన్యువు బిడ్డకు రెండు వైపుల నుంచీ చేరే అవకాశం మేనమామతో పెళ్లిలో ఎనిమిదో వంతు. లోపమున్న జన్యువు రెండు వైపుల నుంచీ వస్తేనే బయటపడే కొన్ని రకాల పుట్టు చెవుడు, కొన్ని రక్త వ్యాధుల ముప్పు అందుకే పెరుగుతుంది. లింగ గుర్తింపును, అంటే తాను ఆడో మగో అన్న ఎరుకను నిర్ణయించే అలాంటి ఒక్క జన్యువును ఇంతవరకూ ఎవరూ కనుగొనలేదు.

అలాగని జన్యువుల పాత్ర లేదని కాదు. అప్పటిదాకా నమోదైన కవలల వివరాలను 2012లో కొందరు పరిశోధకులు సమీక్షించారు. కవలల్లో కనీసం ఒకరైనా తమ పుట్టుక లింగంతో పొసగని జంటలు అవి. ఒకే అండం నుంచి పుట్టిన 23 జంటల్లో తొమ్మిదింటిలో ఇద్దరిదీ అదే అనుభవం. వేర్వేరు అండాల నుంచి పుట్టిన ఒకే లింగపు 21 జంటల్లో ఒక్కటి కూడా అలా లేదు. లెక్క చిన్నదే అయినా రక్తానికి కొంత వాటా ఉందని సూచిస్తోంది. మరి జన్యువులన్నీ ఒకటే అయినా తేడాగా ఉన్న ఆ పద్నాలుగు జంటల మాటేమిటి? జన్యువులు కాని మిగతాదాన్ని శాస్త్రవేత్తలు "పరిసరం" అంటారు. ఆ మాట అనగానే మనకు అమ్మ పెంపకం గుర్తొస్తుంది. శాస్త్రవేత్తల పరిసరం గర్భంలోనే మొదలవుతుంది. అక్కడి హార్మోన్లు, కణాలు ఎదిగే తీరులోని యాదృచ్ఛికం కూడా అందులో భాగమే. అడ్రినల్ గ్రంథుల లోపం వల్ల కడుపులో ఉండగానే మగ హార్మోన్ల ప్రభావం ఎక్కువగా పడిన ఆడపిల్లలున్నారు. వాళ్లు మిగతా ఆడపిల్లల కన్నా ఎక్కువగా కార్లు, లారీల బొమ్మలతో ఆడతారు. అయినా వారిలో అత్యధికులు తాము ఆడవాళ్లమనే చెబుతారు. ఆటలు, ఇష్టాలు ఒక దారిన వస్తే, నేనెవరన్న ఎరుక మరో దారిన రావచ్చు. ఈ పాళ్లు ఏ ఒక్క మనిషిలోనూ విడదీసి చూపలేం, మీ బిడ్డలోనూ అంతే.

మూడు నెలల్లో మారుస్తానన్న ఆయన దగ్గరకు మాత్రం వెళ్లకండి. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. ఇంజెక్షన్లు గడ్డం మొలిపిస్తాయేమో, మనసును మార్చవు. ఇలా "మార్చే" చికిత్సను జాతీయ వైద్య కమిషన్ 2022లో వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఈ స్థితిని మానసిక రుగ్మతల జాబితా నుంచి తీసేసింది. మీవారికి మరో సంగతి చెప్పండి. 2021లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి ఆనంద్ వెంకటేశ్ ఒకరినొకరు ప్రేమించుకున్న ఇద్దరు యువతుల కేసులో, తనకు ఈ విషయాలు సరిగా తెలియవని ఒప్పుకుని, ముందు తానే కౌన్సెలర్ దగ్గర కూర్చున్నారు. ఆ తర్వాతే ఇలాంటి చికిత్సలను నిషేధిస్తూ ఉత్తర్వులిచ్చారు. తండ్రి కూడా ఒకసారి అలా కూర్చుంటే చిన్నతనమేమీ కాదు.

మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్హాన్స్ మీ ఊళ్లోనే ఉంది. అక్కడ పిల్లల, కౌమారుల మానసిక వైద్య విభాగంలో చూపించండి. బిడ్డను మార్చమని కాకుండా, దిగులు, నిద్ర, చదువు ఒత్తిడి ఎలా ఉన్నాయో చూడమని అడగండి. హార్మోన్లు, ఆపరేషన్ల నిర్ణయాలు ఇప్పటికిప్పుడు తీసుకోనక్కరలేదు. జుట్టు పెంచుకోవడం, ఇంట్లో ఏ పేరుతో పిలవాలన్నది వంటివి తన ఇష్టానికి వదిలితే పోయేదేమీ లేదు. ఒక మాట మాత్రం ఈ రోజే అడగండి: "చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే ఒంటరిగా వదలకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోను చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు.

పీయూసీ పరీక్షలు అయ్యేదాకా ఇంట్లో ఈ చర్చ ఎత్తవద్దని అమ్మమ్మకు ఆమె కొడుకు చేతే చెప్పించండి. ఊళ్లో బంధువులకు ఎప్పుడు చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో బిడ్డను అడిగే నిర్ణయించండి.