టిఫిన్ అయిన రెండున్నర గంటలకే చేతులు వణుకు

ప్రశ్న: డాక్టరు గారూ నమస్తే, మాది పర్లాకిమిడి, 34 ఏళ్లు, టీచర్ని. సుగర్ జబ్బు లేదు. పొద్దున ఎనిమిదింటికి మురీలు (మరమరాలు), రెండు గ్లాసుల తీపి టీ తాగేసి బడికెళ్తాను, పదిన్నరయ్యేసరికి చేతులు వణుకు, చెమట, గుండె దడ, పిల్లలు నోరెత్తితే చిరాకు. చెంచాడు పంచదార నోట్లో వేసుకుంటే పావుగంటలో సర్దుకుంటుంది, మధ్యాన్నం లోపు మళ్లీ అదే కథ. మా తోటికోడలు మిషన్‌తో చూస్తే 51 వచ్చింది. మందుల షాపాయన అకార్బోజ్ వేసుకోమన్నాడు, అది సుగర్ వాళ్ల మాత్ర కదండీ, పడిపోతుంటే ఇంకా తగ్గించే మందేటి?

జవాబు: మీ అనుమానం బాగుందమ్మా, కానీ షాపాయన కూడా గాల్లోంచి చెప్పలేదు. మురీలు, తీపి టీ గబగబా అరిగి సుగర్ ఒక్కసారి లేస్తుంది, దాన్ని దించడానికి ఇన్సులిన్ అవసరానికి మించి వస్తుంది, రెండు మూడు గంటలకి సుగర్ కింద పడుతుంది. అకార్బోజ్ ఇన్సులిన్‌ని పెంచదు, పేగుల్లో పిండిపదార్థం అరగడాన్ని నెమ్మది చేస్తుంది, అంతెత్తున లేవకపోతే అంత లోతుకీ పడదు. దీనికి అనుమతి ఉన్నది టైప్ 2 సుగర్‌కే, మీలాంటి ఇబ్బందికి డాక్టర్లు తమ అంచనా మీద వాడతారు, మామూలుగా 25 మిల్లీగ్రాములతో, మొదటి ముద్దతో పాటే. గ్యాసు, కడుపుబ్బరం మాత్రం ఖాయం అనుకోండి, క్లాసులో నిలబడే మనిషికి అదో బాధ.

ఒక ముఖ్యమైన మాట, షాపులో ఎవరూ చెప్పరిది. ఈ మాత్ర మీద ఉండగా సుగర్ పడితే పంచదార సరిగ్గా పనిచెయ్యదు, ఎందుకంటే పంచదారని విడగొట్టే పనినే మాత్ర ఆపింది. గ్లూకోజ్ పొడే కావాలి, 15 గ్రాములు, అంటే మూడు నాలుగు టీస్పూన్లు.

అయినా నేనైతే ముందు పళ్లెం మారుస్తాను. మురీలు తినాలనుంటే గుప్పెడే, దాంట్లో వేరుశనగ్గుళ్లు, ఉడికించిన శనగలు కలపండి, టీలో పంచదార మానండి. చోడంబలి (రాగి అంబలి) మంచిదే గానీ అదీ పిండే, జావలా తాగితే తొందరగా అరిగిపోతుంది, పక్కన ఉడికించిన గుడ్డు ఉండాలి. పఖాళా (నీళ్లలో నానిన చద్దన్నం) కూడా అంతే, పప్పో చేపో లేకుండా ఉత్తిది వద్దు. మూడు గంటలకోసారి కొంచెం తినండి. ఛెనాపోడా (కాల్చిన పాలవిరుగుడు స్వీటు) ఇష్టమైతే భోజనం చివర చిన్న ముక్క, ఖాళీ కడుపుతో కాదు. ఆ మాత్ర వేసుకోనంతవరకూ వణుకు వచ్చినప్పుడు పంచదార తప్పు కాదు, కానీ వెనకే గుప్పెడు పల్లీలు తినకపోతే మళ్లీ పడుతుంది, మీకు జరుగుతున్నది అదే.

ఇంటి మిషన్ తక్కువ అంకెల దగ్గర తప్పు చూపించొచ్చు. వణుకు ఉన్నప్పుడే లేబ్‌లో తీసిన రక్తంలో 55 కన్నా తక్కువుండి, తీపి తిన్నాక నెమ్మదిస్తేనే నిర్ధారణ. గ్లూకోజ్ నీళ్లు తాగించే టెస్టు దీనికి పనికిరాదు, ఏ జబ్బూ లేనివాళ్లలో కూడా కొందరికి పడిపోతుంది, మామూలు భోజనం పెట్టి చూడమనండి. తెల్లవారుజామున, ఏమీ తినకుండా వణుకు వచ్చినా, స్పృహ తప్పినా, ఎప్పుడైనా కడుపు ఆపరేషన్ అయ్యున్నా సంగతి వేరు, ఆలస్యం చెయ్యొద్దు. శ్రీకాకుళం వెళ్లినా బరంపురం వెళ్లినా ఆ 51 వచ్చిన రోజు ఏం తిన్నారో, ఎన్నింటికో కాగితం మీద రాసి తీసుకెళ్లండి.