31 పుస్తకాలు చదివాను, సగం గుర్తులేవు... ఇది జబ్బేనా?

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. రైల్వేలో గూడ్స్ గార్డుగా పనిచేసి రిటైరయ్యాను, కాజీపేటలో ఉంటాం. పిల్లలిద్దరికీ పెళ్లిళ్లయ్యాయి, ఒకరు హైదరాబాద్‌లో, ఒకరు మంచిర్యాలలో. డ్యూటీలో ఉన్నన్నాళ్లు చదవాలని ఉన్నా కుదరలేదు, అందుకే పోయిన జనవరిలో ఏడాదికి 50 పుస్తకాలు చదవాలని పెట్టుకున్నాను. నోట్‌బుక్‌లో పుస్తకం పేరు, పేజీలు, మొదలుపెట్టిన తేదీ, అయిపోయిన తేదీ రాసుకుంటూ వచ్చాను. 31 అయ్యాయి, 9 మధ్యలో ఆపేశాను. లెక్క తక్కువ పడుతోందని నవంబర్ నుంచి సన్న పుస్తకాలే తెచ్చుకున్నాను. డిసెంబర్ ఆఖరున నోట్‌బుక్ తిరగేస్తే సగం పుస్తకాల్లో కథేమిటో గుర్తురాలేదు. మా నాన్నకు చివర్లో మతిమరుపు బాగా వచ్చింది, నాకూ మొదలైందా అని టెన్షన్‌గా ఉంది. ఇంకొకటి, నేను చదవడం మా ఆవిడకు ఇష్టం లేదు. "రిటైరైనా ఇంట్ల లేనట్టే ఉన్నవ్" అంటుంది. ఆమె ఐదో తరగతి వరకే చదివింది. దసరా అప్పుడు మన తెలంగాణ పల్లె మీద రాసిన నవల ఒకటి చదివాను, అందులో మాటలు మా నాయనమ్మ మాట్లాడినట్టే ఉంటే నెల రోజులు మెల్లగా చదివాను. అందులో ఏముందని ఆమె అడిగితే నీకు అర్థం కాదులే అన్నాను, అప్పటి నుంచి అడగడం మానేసింది. ఏడాదంతా వృథా చేశానా? ఈ ఏడాది ఎలా చదవాలి?

జవాబు: అన్నా, ముందు జబ్బు సంగతి మాట్లాడదాం, ఆ భయం ఉన్నంతసేపు వేరే ఏం చెప్పినా మీకు తలకెక్కదు. మార్చిలో చదివిన నవలలో కథ డిసెంబర్‌లో గుర్తురాకపోవడం 61 ఏళ్లవాళ్లకే కాదు, కాలేజీ పిల్లలకూ ఉండేదే. మనిషి ఎలా మరిచిపోతాడో తెలుసుకోవడానికి జర్మనీలో ఎబ్బింగ్‌హౌస్ అనే ఆయన అర్థంలేని అక్షరాల గుంపులు బట్టీపట్టి, ఎంతసేపటికి ఎంత పోతోందో తన మీదే ప్రయోగం చేసుకుని చూశాడు, 1885లో పుస్తకంగా అచ్చువేశాడు. ఆయనకు తేలిందేమిటంటే, పోయేదాంట్లో ఎక్కువ భాగం మొదటి ఒకటి రెండు రోజుల్లోనే పోతుంది, తర్వాత పోవడం నెమ్మదిస్తుంది. కథలూ, మనకు అర్థమైన సంగతులూ అంత తొందరగా పోవు నిజమే, కానీ ఒక పుస్తకం మూసిన రోజే ఇంకోటి తెరిచి, చదివినదాని గురించి ఎవరితోనూ ఒక్క మాట అనకుండా 31 చదివితే అవన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోక ఏమవుతాయి?

ఒక పని చేసి చూడండి. అసలు గుర్తులేదు అనుకున్న పుస్తకం ఒకటి తీసి, మధ్యలో ఏదో ఒక పేజీ చదవండి. పది లైన్లు చదివేసరికి "ఆఁ, ఈయన తర్వాత ఊరు విడిచిపెట్టి పోతడు కదా" అని తట్టిందంటే అది లోపలే ఉంది, పిలిస్తే పలుకుతోంది. చాలా పుస్తకాలకు ఇలాగే జరుగుతుందని నా నమ్మకం.

భయపడాల్సినవి వేరే ఉంటాయి. రోజూ తిరిగే ఫాతిమానగర్ నుంచి ఇంటికొచ్చే దారిలో తడబడటం, అడిగిందే గంటలో నాలుగుసార్లు అడగడం, పెన్షన్ డబ్బుల లెక్క చూసుకోలేకపోవడం, పొద్దున మందు వేసుకున్నామో లేదో ఎప్పుడూ తెలియకపోవడం, చేతిలో ఉన్న వస్తువు పేరు నోటికి రాకపోవడం. ఇవి చాలాసార్లు మనకంటే ముందు ఇంట్లోవాళ్లకు కనపడతాయి. మీ ఆవిడ మీ మీద చెప్పే ఫిర్యాదులో ఇలాంటిది ఒక్కటీ లేదు, మీ ఉత్తరం కూడా తేదీలతో సహా పొందికగా ఉంది. తండ్రికి వచ్చినంత మాత్రాన కొడుక్కి వచ్చి తీరాలనీ లేదు. అయినా మనసులో ఉంచుకుని కుమిలిపోవద్దు, ఒకసారి డాక్టర్‌కు చూపించుకోండి. బి12 తక్కువైనా, థైరాయిడ్ సరిగా లేకపోయినా, సరిగా నిద్ర పట్టకపోయినా మతిమరుపు వస్తుంది, వాటికి మందులున్నాయి. షుగర్, బీపీ, కళ్లు, చెవులు కూడా చూపించుకోండి. పోయేటప్పుడు మీ ఆవిడను వెంట తీసుకుపోండి, మీరు ఎలా ఉంటున్నారో డాక్టర్ ఆమెనే ఎక్కువ అడుగుతారు.

ఇక లెక్క సంగతి. గార్డు డ్యూటీ అంటేనే రాసుకోవడం కదా, బండి ఏ స్టేషన్‌కు ఎన్నింటికి వచ్చింది, ఎంతసేపు ఆగింది, ఎన్నింటికి కదిలింది, ప్రతి ట్రిప్పూ కాగితం మీద ఉండాల్సిందే. అన్నేళ్లు అలా బతికిన మనిషి పుస్తకాలకూ అదే పద్ధతి పెట్టడం నాకు వింతగా ఏం లేదు, పైగా రిటైరైన మొదటి ఏడాది రోజు ఎలా గడపాలో తెలియక మంచానికి అతుక్కుపోయేవాళ్లను, పొద్దుగూకులు ఫోన్ చూసేవాళ్లను చాలామందిని చూశాను, మీరు పుస్తకం పట్టుకున్నారు, అది చాలా మంచి పని. కానీ 50 అనే అంకె ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరు అడిగారు? 90 పేజీల పుస్తకమూ ఒకటే, 600 పేజీలదీ ఒకటే అయ్యే లెక్కలో మనిషి ఏం చేస్తాడో మీరే రాశారు, నవంబర్ వచ్చేసరికి సన్న పుస్తకాలు వెతుక్కున్నారు. ఏడాదంతా వృథానా అని అడిగారు కాబట్టి ఉన్నమాట చెప్తున్నా, ఏడాది వృథా కాలేదు, ఆ ఆఖరి రెండు నెలలు మాత్రం అయ్యాయి. మధ్యలో ఆపిన తొమ్మిదింటి గురించి దిగులొద్దు. ఎవరో గొప్పదని చెప్పారని తెచ్చుకున్నవీ, మీకు పట్టనివీ అయితే తిరిగి తెరవాల్సిన పనిలేదు.

నోట్‌బుక్ మళ్లీ తీసి ఒక్క సంగతి చూడండి, ఏ పుస్తకం దగ్గర మీరు నెమ్మదించారు? మీ లెక్క ప్రకారం దసరా నెలలో మీరు బాగా వెనకబడి ఉంటారు, ఒక్క నవలకు నెల పట్టింది. అయినా మీ ఉత్తరం మొత్తంలో ఏం చదివారో చెప్పిన పుస్తకం అదొక్కటే, అదీ మీ నాయనమ్మ మాటలతో కలిపి. మిగతా 30 గురించి మీరు రాసింది అంకెలే.

సరిగ్గా ఆ నవల దగ్గరే మీ ఆవిడ మిమ్మల్ని అడిగింది, "అందులో ఏముంది" అని.

అన్నా, ఇక్కడ కొంచెం గట్టిగా మాట్లాడతా, మనసులో పెట్టుకోకండి. నేను చదవడం ఆమెకు ఇష్టం లేదు అని రాశారు. మీరు రాసినదాంట్లోనే అది తప్పని ఉంది. చదవడం ఇష్టంలేని మనిషి పక్కన కూర్చుని అందులో ఏముందని అడగదు. ఆమె బతుకు ఒక్కసారి ఆమె వైపు నుంచి చూడండి. అర్ధరాత్రి ఫోన్ వస్తే లేచి మీకు డబ్బా కట్టింది ఆమె. మీరు బల్లార్షా దిక్కో డోర్నకల్ దిక్కో పోయి రన్నింగ్ రూమ్‌లో పడుకున్న రాత్రులు పిల్లలకు జ్వరమొస్తే ఎత్తుకుని పోయింది ఆమె, బతుకమ్మలూ సంక్రాంతులూ మీరు లేకుండా ఎన్ని చేసిందో ఆమెను అడిగితే చెప్తుంది. వీటన్నిటికీ ఆమె మనసులో ఒక సమాధానం పెట్టుకుని ఉంటుంది, రిటైరైతే ఇంట్లో ఉంటడు, మాట్లాడతడు అని. మీరు రిటైరయ్యారు, ఇంట్లోనే ఉన్నారు, ఎదురుగా కుర్చీలోనే ఉన్నారు, కానీ మాట్లాడాలంటే ముందు పుస్తకం దాటి రావాలి. "ఇంట్ల లేనట్టే ఉన్నవ్" అంటే అర్థం అదే. అది పుస్తకాల మీద కోపం కాదు. అలాంటి మనిషి ఒకరోజు తనే ఒక అడుగు ముందుకు వేసి అడిగితే మీరు అన్నమాట "నీకు అర్థం కాదులే". ఆమె ఇంకెందుకు అడుగుతుంది?

ఐదో తరగతి చదువుకు నవల అర్థం కాదనే మాట మన దిక్కున అసలు నిలబడదు. పోతన ఊరు బమ్మెర మనకు దగ్గర్లోనే, పాలకుర్తి పక్కనే ఉంది. ఆయన పద్యాలు అక్షరం రాని ముసలమ్మలు కూడా విని విని నోటికి చెప్పేవాళ్లు. ఇప్పటికీ ఐలోని మల్లన్న జాతరకు పోతే ఒగ్గుకథ దగ్గర కూర్చున్నవాళ్లు ఎంత చదువుకున్నారని ఎవరూ అడగరు, మల్లన్న కథలో ఏ ఘట్టం తర్వాత ఏ ఘట్టమో వాళ్లకు తెలుసు, కథకుడు ఒకటి వదిలేస్తే పట్టుకునేవాళ్లూ ఉంటారు. వట్టికోట ఆళ్వారుస్వామి గురించి మీరు వినే ఉంటారు. బడి చదువు పెద్దగా లేదు, వేరేవాళ్ల ఇంట్లో వంట చేసి, హోటల్లో సర్వర్‌గా పనిచేసి పెరిగిన మనిషి, 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు వేశాడు, వాటిని మోసుకుంటూ తిరిగి అమ్మాడు, తర్వాత తనే నవలలు రాశాడు. ఆ రోజుల్లో ఊళ్లో చదువు వచ్చినవాడు ఒక్కడు పేపర్ చదివితే చుట్టూ కూర్చుని మిగతావాళ్లు వినేవాళ్లు, విన్నదాని మీద వాదించుకునేవాళ్లు. వాళ్లకు అర్థం కానిది ఏముంది? మీ నాయనమ్మ మాటలున్న నవల, ఆ మాటలు ఇప్పటికీ మాట్లాడే మనిషికి మీకంటే బాగా అర్థమవుతుందని నేననుకుంటున్నా.

మీరు అడిగిన రెండు సమస్యలు నాకు ఒకటిగానే కనపడుతున్నాయి. చదివింది గుర్తుండాలంటే ఇంకోసారి చదవడం కంటే బాగా పనిచేసేది, పుస్తకం మూసేసి చదివినదాన్ని మన మాటల్లో ఇంకొకరికి చెప్పడం. బయటికి చెప్పడానికి లోపల వెతుక్కుంటాం, ఆ వెతుకులాటలోనే అది గట్టిపడుతుంది. మీకు చెప్పడానికి ఎవరూ లేక మరిచిపోతున్నారు, చెప్పమని అడిగిన ఒక్క మనిషినీ వద్దన్నారు.

ముందు ఆమెకు ఆ దసరా మాట గురించి చెప్పండి. పెద్ద ఉపన్యాసం వద్దు, "అప్పుడు నువ్వు అడిగితే అట్ల అన్న, అనొద్దుండె" అంటే చాలు. ఆమె "ఎప్పటి ముచ్చటో ఇప్పుడెందుకు" అని లేచి వంటింట్లోకి పోవచ్చు, వెంటపడకండి, విన్నది ఆమెకు సరిపోతుంది. తర్వాత ఒక సాయంత్రం ఆమె చిక్కుడుకాయ గిల్లుతూనో బియ్యం ఏరుతూనో కూర్చున్నప్పుడు అదే నవల తీసుకుని పక్కన కూర్చుని, "రెండు పేజీలు చదువుతా, వింటవా?" అని అడగండి. వద్దంటే వద్దు, ఇంకో రోజు అడగండి, మూడు నెలలు అడగడం మానేసిన మనిషి ఒక్కరోజులో వచ్చి కూర్చోదు. వింటానంటే రెండు పేజీలే చదవండి. మధ్యలో ఆపి ఆమె ఏదో చెప్తుంది, "మా ఊర్ల గట్లనరు, గిట్లంటరు" అంటుంది, లేకపోతే ఆ కథలో కోడలు లాంటి ఎవరో గుర్తొచ్చి వాళ్ల ముచ్చట ఎత్తుకుంటుంది, అప్పుడు వేలు పేజీలో పెట్టుకుని "అయిపోయిందా, చదవనా" అని చూడొద్దు, పుస్తకం మూసేయండి, ఆ పూటకు ఆ ముచ్చటే వినండి. నేర్పిస్తున్నట్టు చదవొద్దు, అర్థమైందా అని అస్సలు అడగొద్దు. ఆమెకు ఆ నవల నచ్చకపోవచ్చు కూడా, అప్పుడు నీకేం వినాలని ఉందో చెప్పమనండి, అది భక్తి పుస్తకమైనా, వారపత్రిక సీరియలైనా, అదే తెచ్చి అంతే శ్రద్ధగా చదవండి.

మీ సొంత చదువు మానాల్సిన పనిలేదు. మధ్యాహ్నం ఆమె కాస్త నడుం వాల్చినప్పుడు చదువుకోండి, ఎంతసేపైనా. పొద్దున వడ్డేపల్లి చెరువు కట్ట మీద ఇద్దరూ నడవండి, అప్పుడు చేతిలో పుస్తకం గానీ ఫోన్ గానీ ఉండొద్దు. కొన్న పుస్తకాలతో ఇంట్లో చోటు నిండిపోతుంటే హనుమకొండలో ప్రభుత్వ గ్రంథాలయం ఉంది, అక్కడ మెంబర్‌గా చేరండి. మనం కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు ఉంటుంది, కాబట్టి మొహమాటం అక్కర్లేదు, అది మన డబ్బుతో నడిచేదే. హనుమకొండలో 1904లోనే రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం పెట్టారు, నిజాం కాలంలో తెలుగు చదువుకోవడానికి చోటు కోసం అప్పటివాళ్లు అంత తాపత్రయపడ్డారు, అటు పోయినప్పుడు అదీ ఒకసారి చూసి రండి, ఆమెనూ తీసుకుపోండి.

ఈ ఏడాదికి అంకె పెట్టుకోకండి. నోట్‌బుక్ మాత్రం మానొద్దు, రాసే చేయి ఆగితే మీకు తోచదు. పేజీల సంఖ్య తీసేసి ఆ చోట, చదివినదాంట్లో మీకు పట్టింది ఒకటి, దాని మీద ఆమె అన్నమాట ఒకటి రాయండి. ఆమె మాట ఆమె అన్నట్టే రాయండి, మీ భాషలోకి దిద్దకండి. పరీక్షల రిపోర్టులు వచ్చాక ఏం తేలిందో నాకు రాయండి, డాక్టర్ దగ్గర ఆమె మీ గురించి ఏం చెప్పిందో కూడా.