మీ బండి – మా జవాబు: ఇంటి షెడ్డులో మారుతి 800 ఇంజన్ మార్పిడి

మారుతి 800 తయారీ 2014 జనవరిలోనే ఆగిపోయింది. అయినా మన ఊళ్లలో ఆ బండ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి, ఇంజన్లు అలిసిపోతూనే ఉన్నాయి. ఈసారి ప్రశ్నలన్నీ ఇంజన్ మార్పిడి మీదే. కార్బరేటర్ ఉన్న 796 సీసీ, మూడు సిలిండర్ల ఎఫ్8బి ఇంజన్‌ను దృష్టిలో పెట్టుకుని జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: నా 1998 మోడల్ కారు నీలం పొగ వదులుతోంది, ఆయిల్ తాగుతోంది. రీబోరు (అరిగిన సిలిండర్లని మళ్లీ తొలిపించడం) చేయించే బదులు విజయవాడ ఆటోనగర్‌లో సెకండ్ హ్యాండ్ ఇంజన్ కొని, నేనూ నా స్నేహితుడూ మా షెడ్డులోనే మార్చుకుందామనుకుంటున్నాం. కొనేటప్పుడు ఏం చూడాలి? – తెనాలి పాఠకుడు

జవాబు: కొనేముందు మీ ఇంజన్‌కి నిజంగా కాలం చెల్లిందో లేదో చూడండి. పొద్దున స్టార్ట్ చేయగానే గుప్పున పొగ వచ్చి కాసేపటికి తగ్గిపోతుంటే వాల్వ్ సీళ్లు గట్టిపడి ఉండొచ్చు. అదే అయితే హెడ్ (సిలిండర్ల పైన వాల్వులుండే భాగం) పనితో సరిపోతుంది, ఇంజన్ దించక్కర్లేదు. యాక్సిలరేటర్ తొక్కిన ప్రతిసారీ పొగ వస్తూ, ఆయిల్ మూత తీస్తే లోపలి నుంచి గాలి తన్నుకొస్తుంటే రింగులు, బోరు అరిగినట్టు.

కంప్రెషన్ గేజితో చూస్తే అనుమానం తీరుతుంది. ఇంజన్ వేడి మీద ఉండగా మూడు ప్లగ్గులూ తీసి, ఇగ్నిషన్ కాయిల్ వైరు ఊడదీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకుని సెల్ఫ్ కొట్టండి. ఒక్కో సిలిండర్‌కి ఐదారు చుట్లు చాలు. గేజి మీద చదరపు సెంటీమీటరుకి 12 కిలోల దరిదాపుల్లో ఉంటే ఆరోగ్యమే. ఆ అంకె కన్నా మూడింటి మధ్య తేడా ముఖ్యం, అది 1 కిలో దాటకూడదు. తక్కువ చూపిన సిలిండర్‌లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. పక్కపక్క సిలిండర్లు రెండూ కలిసి పడిపోతే ముందు హెడ్ గాస్కెట్‌ని అనుమానించండి.

కొట్లో కొనే ఇంజన్‌కీ ఇదే పరీక్ష. ఈ బండిలో సెల్ఫ్ కూర్చునేది గేర్‌బాక్స్ మీద. అందుకని గేర్‌బాక్స్ విడదీయకముందే, బ్యాటరీ పెట్టి మీ ఎదుటే తిప్పి చూపించమనండి. కుదరదంటే ఆ ఇంజన్ వదిలేయండి. ఆయిల్ మూత కింద, డిప్‌స్టిక్ మీద మీగడలా తెల్లటి జిగురు ఉంటే ఆయిల్లో నీళ్లు కలిసినట్టు. క్రాంక్ పుల్లీని లోపలికీ బయటికీ నెట్టి చూడండి. టక్కుమని ఆట చేతికి తెలిస్తే క్రాంక్ ముందుకీ వెనక్కీ జరగకుండా ఆపే థ్రస్ట్ వాషర్లు అరిగాయి. సైలెన్సర్ వైపు స్టడ్లు విరిగి ఉన్నాయా, ఆయిల్ చాంబర్ సొట్టపడి ఉందా చూసుకోండి. సొట్ట లోతుగా ఉంటే పంపు జాలీ దాకా పోయి ఆయిల్ అందదు. వెండి రంగు పెయింట్ చూసి మాత్రం మోసపోవద్దు, బ్రష్షు ఉన్న ఎవరైనా వేయగలరు.

హాఫ్ ఇంజన్ వద్దు, హెడ్‌తో సహా ఉన్నదే తీసుకోండి. డెల్కో (ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్), మెకానికల్ పెట్రోలు పంపు ఉన్న కార్బరేటర్ రకమే కావాలని గట్టిగా చెప్పండి.

ప్రశ్న: పోర్టికో స్లాబుకి ఉన్న ఫ్యాను కొక్కేనికి చైన్ బ్లాక్ తగిలించి ఇంజన్ ఎత్తవచ్చా? ఏ వరసలో విప్పాలి? – ఖమ్మం పాఠకుడు

జవాబు: ఎత్తకూడదు. ఆ కొక్కెం ఫ్యాను మోయడానికి పెట్టింది. ఇంజన్, గేర్‌బాక్స్ కలిసి ఇద్దరు మనుషులు ఎత్తే బరువు కాదు. పైగా ఇంజన్‌ని బాడీకి పట్టి ఉంచే మౌంటింగ్ ఎక్కడైనా పట్టేసి ఉంటే చైన్ లాగే బలం ఆ బరువుని మించిపోతుంది. మడిచే ఇంజన్ క్రేన్ అద్దెకు తెచ్చుకోండి, లేదా బలమైన ఇనుప ఫ్రేముకి 1 టన్ను చైన్ బ్లాక్ వేలాడదీయండి. నేల సిమెంటుదే అయి ఉండాలి. మట్టి నేలలో క్రేన్ చక్రాలు దిగబడితే బరువు పక్కకి ఊగుతుంది.

బండి ముందు భాగం ఎత్తి, జాకీ స్టాండ్ల మీద నిలపండి. వట్టి జాకీ మీదా, ఇటుకల మీదా నిలిపి కిందికి దూరడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. సిమెంటు ఇటుక ముందుగా ఏ హెచ్చరికా ఇవ్వకుండా పగులుతుంది. వెనక చక్రాలకి దిమ్మలు పెట్టండి. అందేంత దూరంలో మంటలార్పే పౌడర్ సిలిండర్ ఉంచుకోండి.

మొదట బ్యాటరీ నెగటివ్, తర్వాత పాజిటివ్ తీసి బ్యాటరీని, దాని ట్రేని బయట పెట్టండి. బానెట్ కీళ్ల చుట్టూ మార్కర్‌తో గీత గీసి విప్పితే బిగించేటప్పుడు సందులు సరిగ్గా కుదురుతాయి. కూలెంట్, ఇంజన్ ఆయిల్, గేర్ ఆయిల్ మూడూ దించేయండి. గేర్ ఆయిల్ సంగతి చాలామంది మరిచిపోతారు, యాక్సిల్ లాగగానే అదంతా నేల పాలవుతుంది. రేడియేటర్ కూడా తీసి పక్కన పెట్టండి. ఇంజన్ ఒక్కసారి ఊగి తగిలితే దాని రెక్కలు నలిగిపోతాయి.

ఇక వైర్లు. ఒక్కొక్కటి ఊడదీస్తూనే కాగితపు టేపు చుట్టి పేరు రాయండి: సెల్ఫ్, డైనమో, ఆయిల్ స్విచ్, టెంపరేచర్, కాయిల్. ప్లగ్ వైర్లకి 1, 2, 3 అని రాసుకోండి. ఈ ఇంజన్ మండే వరస 1-3-2. అటుదిటు అయితే ఇంజన్ కార్బరేటర్లోంచి ఎదురు తన్నుతుంది. ప్రతి దశలో ఫోన్‌తో ఫోటో తీయండి. పెట్రోలు పైపులు రెండు, ఒకటి వచ్చేది, ఒకటి తిరిగి ట్యాంకుకి పోయేది. రెండింటికీ గుర్తు పెట్టి, సరిపడే బోల్టు దూర్చి క్లిప్పు బిగించండి. యాక్సిలరేటర్, చోక్, క్లచ్, స్పీడోమీటర్ కేబుళ్లు, హీటర్ హోసులు, బ్రేక్ బూస్టర్ ఉంటే దాని వ్యాక్యూమ్ పైపు, కింద గేర్ రాడ్లు, సైలెన్సర్ ముందు పైపు వరసగా విప్పండి. సైలెన్సర్ నట్లకి ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే నూనె పట్టించండి. లేకపోతే స్టడ్ విరుగుతుంది, దాన్ని బయటికి తీయడానికే ఒక పూట పోతుంది.

యాక్సిళ్ల దగ్గర తొందరపడవద్దు. కింది బాల్ జాయింట్ వదులు చేసి చక్రం వైపు బయటికి జరిపాక, గేర్‌బాక్స్ అంచుకీ లోపలి జాయింట్‌కీ మధ్య టైరు లివరు పెట్టి మీటండి. రాడ్డు పట్టుకుని గుంజితే రబ్బరు బూటు లోపలే జాయింట్ విడిపోతుంది.

ఎత్తేటప్పుడు చైన్‌ని ఇంజన్‌కి ఉన్న కొక్కేలకే తగిలించండి. చైన్ కొద్దిగా బిగిశాకే మౌంటింగ్ బోల్టులు తీయాలి. గేర్‌బాక్స్ వైపు కాస్త కిందికి వాలేలా కడితే సులువుగా బయటికొస్తుంది. ఒకరు చైన్ లాగాలి, ఒకరు ఇంజన్‌ని నడిపించాలి, మాట మాత్రం నడిపించేవాళ్లదే. "ఆపు" అంటే ఎందుకని అడక్కుండా ఆపేయాలి. జానెడు ఎత్తగానే ఒకసారి ఆగి చుట్టూ చూడండి. ఏదో ఒక వైరు, ముఖ్యంగా గేర్‌బాక్స్ మీది రివర్స్ లైటు వైరు, ఇంకా తగులుకునే ఉంటుంది. వేలాడే ఇంజన్ కింద చెయ్యీ కాలూ పెట్టవద్దు. బయటికి రాగానే పాత టైరు మీదికి దించేయండి.

ప్రశ్న: తెచ్చిన ఇంజన్ బాగానే తిరుగుతోంది. అలాగే ఎక్కించేయవచ్చా, ఏమైనా మార్చాలా? – మదనపల్లె పాఠకుడు

జవాబు: అలాగే ఎక్కించవద్దు. ఈ పని మొత్తంలో విలువైన సమయం ఇంజన్ నేల మీద ఉన్న సమయమే. ఫ్లైవీలు వెనక ఉండే క్రాంక్ ఆయిల్ సీలు చవక వస్తువు. ఎక్కించాక అది కారితే మళ్లీ గేర్‌బాక్స్ విప్పాల్సిందే. ఆ సీలు, ముందు సీళ్లు, టైమింగ్ బెల్టు, దాని టెన్షనర్, వాటర్ పంపు, థర్మోస్టాట్, చాంబర్ గాస్కెట్, హోసులు కొత్తవి వేయండి. బెల్టు చూడ్డానికి బాగున్నా దాని వయసు ఎవరికీ తెలియదు. బెల్టు ఎక్కించాక పానాతో క్రాంక్‌ని చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి, గుర్తులు మళ్లీ కలిశాయో లేదో చూడండి. మధ్యలో ఎక్కడైనా గట్టిగా తగిలితే బలవంతం చేయకుండా బెల్టు తీసి మొదటి నుంచి పెట్టండి.

క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ సెట్టుగా మార్చండి. ఫ్లైవీలు మీద నీలం మచ్చలో, సన్నని పగుళ్లో ఉంటే లేత్ మీద తేర్పించాలి. ప్లేటు మధ్యలో స్ప్రింగులు పొంగిన వైపు గేర్‌బాక్స్‌కి ఎదురుగా ఉండాలి. తిరగేసి బిగిస్తే ఆ పొంగు ఫ్లైవీలు బోల్టులకి రాసుకుంటుంది, క్లచ్ విడవదు, రివర్స్ గేరు కర్రుమంటుంది. ప్లేటుని సరిగ్గా మధ్యలో నిలపడానికి అలైన్‌మెంట్ టూలు గానీ, పాత గేర్‌బాక్స్ షాఫ్ట్ గానీ వాడండి. షాఫ్ట్ పళ్లకి గ్రీజు పూత పల్చగా చాలు. ఎక్కువైతే తిరిగే వేగానికి చిమ్మి ప్లేటు మీద పడుతుంది.

గేర్‌బాక్స్ కలిపేటప్పుడు ఎక్కువమంది చేసే తప్పు ఒకటుంది. రెండు ముఖాల మధ్య వేలెడు సందు ఉండగానే పొడుగు బోల్టులు వేసి దగ్గరికి లాగుతారు. అల్యూమినియం బెల్ హౌసింగ్ చెవి పగిలేది అప్పుడే. సందు ఉందంటే షాఫ్ట్ పళ్లు ప్లేటులో కూర్చోలేదు, లేదా గైడు పిన్నులు రంధ్రాలకి ఎదురుగా లేవు. పుల్లీని పానాతో కొద్దికొద్దిగా తిప్పుతూ చేత్తో నెడితే దానంతటదే లోపలికి పోవాలి. అంతవరకూ గేర్‌బాక్స్ బరువు షాఫ్ట్ మీద వేలాడకుండా స్నేహితుడు మోయాలి, లేకపోతే కొత్త ప్లేటు వంగుతుంది.

ప్రశ్న: ఎక్కించాక మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు ఏం జాగ్రత్తలు తీసుకోవాలి? – తాడేపల్లిగూడెం పాఠకుడు

జవాబు: మౌంటింగ్ బోల్టులన్నీ వదులుగా వేసి, చైన్ తీసేసి, ఇంజన్‌ని చేత్తో ఊపి సర్దుకోనిచ్చాకే బిగించండి. చైన్ మీద వేలాడుతుండగా బిగిస్తే రబ్బర్లు మెలిపడి స్టీరింగ్ దాకా అదురు వస్తుంది. యాక్సిల్‌ని లోపలికి నెట్టినప్పుడు క్లిప్పు టక్కుమనాలి. దాని ఆయిల్ సీలు పెదవికి ముందే గ్రీజు రాయండి.

ఇంజన్ ఆయిల్ 3 లీటర్ల డబ్బా తెచ్చి 2.5 లీటర్లు పోసి, మిగతాది డిప్‌స్టిక్ చూస్తూ నింపండి. గేర్‌బాక్స్‌లో 80డబ్ల్యూ-90, జీఎల్-4 రకం. బండి సమంగా ఉండగా లెవల్ రంధ్రంలోంచి పొర్లేదాకా పోయాలి. జీఎల్-5 వద్దు, అందులోని గంధకం మందులు ఇత్తడి సింక్రో రింగుల్ని తినేయవచ్చు. కూలెంట్ సుమారు మూడున్నర లీటర్లు పడుతుంది. హీటర్ వేడి వైపు పెట్టి, బుడగలు ఆగేదాకా నెమ్మదిగా పోయండి.

ప్లగ్గులు తీసి, కాయిల్ వైరు ఊడదీసి, పది సెకన్ల చొప్పున ఆగి ఆగి సెల్ఫ్ కొట్టండి. ఆయిల్ లైటు ఆరిపోయాకే ప్లగ్గులు పెట్టండి. స్టార్ట్ అయ్యాక నాలుగు సెకన్లలో లైటు ఆరకపోతే వెంటనే ఆపేయాలి. ఆరితే రేసు చేయకుండా, రేడియేటర్ ఫ్యాను తిరిగేదాకా నడవనివ్వండి. ఫ్యాను తిరగకముందే టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దగ్గరికి పోతే లోపల గాలి చిక్కుకుంది, లేదా ఫ్యాను స్విచ్ వైరు పెట్టలేదు. చల్లారిన తర్వాతే రేడియేటర్ మూత తీయండి.

ప్రశ్న: ఇంజన్ మార్చాక సెల్ఫ్ బరువుగా తిరుగుతోంది. చోక్ కేబుల్ ముట్టుకుంటే కాలుతోంది, ప్లాస్టిక్ వాసన వస్తోంది. బ్యాటరీ కొత్తదే. – నల్గొండ పాఠకుడు

జవాబు: మళ్లీ సెల్ఫ్ కొట్టవద్దు. మీరు ఇంజన్‌కి ఎర్తు వైరు బిగించలేదు, లేదా పెయింటు మీదే బిగించారు. ఇంజన్ కూర్చునేది రబ్బరు మౌంటింగుల మీద. ఎర్తు వైరు లేకపోతే సెల్ఫ్ లాగే కరెంటంతా బ్యాటరీకి తిరిగి రావడానికి చోక్, యాక్సిలరేటర్ కేబుళ్ల సన్నటి తీగల దారి పడుతుంది. అవి కాగి, తొడుగు కరిగి పట్టేస్తాయి. నడిచే బండిలో యాక్సిలరేటర్ కేబుల్ తొక్కిన చోటే పట్టేస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

బ్యాటరీ నెగటివ్ నుంచి గేర్‌బాక్స్‌కీ, బాడీకీ వచ్చే లావు వైరు కొనలు రెండూ ఎమెరీ కాగితంతో మెరిసేదాకా గీకి బిగించండి. తర్వాత మల్టీమీటర్ ఒక తీగ బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది ఇంజన్ ఇనుము మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు దాటితే ఎర్తు ఇంకా బాగోలేదు. కాలిన కేబుళ్లు రెండూ మార్చేయండి, నూనె వేసి సరిపెట్టవద్దు.

ప్రశ్న: కార్బరేటర్ మారుతి 800లో ఆల్టో 12 వాల్వుల ఇంజన్ పెట్టించుకోవచ్చా? – హైదరాబాద్ పాఠకుడు

జవాబు: మా సలహా వద్దనే. ఇంజన్ తెచ్చినంత మాత్రాన సరిపోదు. కంప్యూటర్, దాని పూర్తి వైరింగ్, సెన్సర్లు, ట్యాంకులో ఎలక్ట్రిక్ పంపు, ఆ ప్రెషర్‌ని తట్టుకునే పైపులు, ఆక్సిజన్ సెన్సర్ ఉన్న సైలెన్సర్ అన్నీ మార్చాలి. పాత రబ్బరు పైపులకి ఇంజెక్షన్ పంపు తగిలిస్తే వేడి ఇంజన్ మీద పెట్రోలు చిమ్మే ప్రమాదం ఉంది. ఆర్టీఏ అనుమతి దొరకడం ఇంకో కష్టం.

ప్రశ్న: అదే రకం ఇంజన్ పెట్టినా ఆర్టీఏకి చెప్పాలా? – గాజువాక పాఠకుడు

జవాబు: చెప్పాలి. ఆర్‌సీలో ఇంజన్ నంబరు ఉంటుంది కాబట్టి ఇది మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ కిందికి వస్తుంది. ఇంజన్ కొనకముందే మీ ఆర్టీఏ ఆఫీసులో అడిగి అనుమతి తీసుకుని, మార్చాక కొత్త నంబరు ఆర్‌సీలో ఎక్కించుకోండి. కొట్టువాడి దగ్గర ఇంజన్ నంబరు రాసిన బిల్లు, ఆ ఇంజన్ వచ్చిన బండి ఆర్‌సీ నకలు, ఆ బండి రిజిస్ట్రేషన్ రద్దయిన కాగితం అడిగి తీసుకోండి. ఇవి ఇవ్వలేనివాడి దగ్గర కొనవద్దు. బ్లాకు మీద నంబరు గీకినట్టో, మళ్లీ గుద్దినట్టో ఉంటే అది దొంగబండిది కావచ్చు. పదిహేనేళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషన్ పొడిగించేటప్పుడు ఇన్‌స్పెక్టర్ చూసేది ఈ నంబరే. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ సర్వేయరు చూసేదీ ఇదే, కాబట్టి ఆర్‌సీ మారగానే ఆ నకలు ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా ఇచ్చి పాలసీలో నంబరు మార్పించుకోండి.