ఇంట్లో అనుకోని కుక్కపిల్లలు: ఈనకముందు, ఈనిన తర్వాత

ప్రశ్న: మా ఇంట్లో మూడేళ్ల లాబ్రడార్ ఆడకుక్క ఉంది. ఫిబ్రవరిలో అది ఎదకు వచ్చిన రోజుల్లో గేటు గడియ సరిగా పడక వీధి కుక్కలు లోపలికి వచ్చాయి. ఆ తర్వాత పొట్ట పెరుగుతుంటే తిండి ఎక్కువై లావెక్కిందనుకున్నాం. నిన్న డాక్టరుగారు స్కానింగ్ చేసి, కడుపుతో ఉందనీ దాదాపు 45 రోజులు నిండి ఉంటాయనీ చెప్పారు. ఇదే తొలిచూలు. ఇంజక్షన్ చేయించి తీయించేయమని కొందరు సలహా ఇస్తున్నారు. ఈ ఏప్రిల్ ఎండల్లో దాన్ని, పిల్లలను ఎలా కాపాడుకోవాలో తెలియక భయంగా ఉంది.
(ఒక పాఠకురాలు, అనంతపురం)

జవాబు: ముందుగా ఇంజక్షన్ సంగతి. జత కలిసిన కొత్తలో హార్మోను ఇంజక్షన్ చేయించే పాత అలవాటు వల్ల గర్భసంచిలో చీము పట్టడం, ఎముక మూలుగ దెబ్బతిని రక్తం తగ్గిపోవడం వంటి ప్రమాదాలు ఉన్నాయి. 45 రోజులు నిండిన తర్వాత ఆ మాట తలపెట్టనే కూడదు. కడుపుతో ఉండగానే గర్భసంచి తీసే ఆపరేషను సాధ్యమే గానీ, రోజులు నిండేకొద్దీ అందులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది కనుక, మీ కుక్కను స్వయంగా పరీక్షించిన డాక్టరుగారితో ముఖాముఖి మాట్లాడి తేల్చుకోండి. ఈననివ్వడానికే నిశ్చయించుకుంటే, కుక్క సాధారణంగా 63 రోజులకు, జత కలిసిన తేదీ నుంచి లెక్కేస్తే 58 నుంచి 68 రోజుల మధ్య ఈనుతుంది కాబట్టి, మీకు ఇంకా రెండు మూడు వారాల గడువు ఉంది. 55వ రోజు దాటాక ఒక ఎక్స్‌రే తీయించండి. కడుపులో ఎన్ని పిల్లలున్నాయో ముందే తెలిస్తే, ఈనే రాత్రి ఇంకా ఎన్ని మిగిలాయన్న సందేహం ఉండదు. ఒకే ఈతలోని పిల్లలకు వేర్వేరు తండ్రులు ఉండవచ్చు. అందుకే ఒకటి నల్లగా, ఒకటి గోధుమ రంగులో పుట్టినా ఆశ్చర్యపోకండి.

ఈనే చోటును వారం పది రోజుల ముందే సిద్ధం చేసి, కుక్కను అక్కడ పడుకోవడానికి అలవాటు చేయాలి. వీధి వైపు కాకుండా, జనం తిరగని గదిలో ఒక మూల చూసుకుంటే రెండు వైపులా గోడలే ఉంటాయి, మిగిలిన రెండు వైపులకు పాత చెక్కలు చాలు. తల్లి కాళ్లు చాపి పడుకున్నా ఇంకా అడుగు జాగా మిగలాలి, అడ్డచెక్క ఎత్తు తల్లి దాటగలిగేంతగా, పిల్లలు దాటలేనంతగా ఉండాలి. నేలకు నాలుగు అంగుళాల ఎత్తున, గోడకు నాలుగు అంగుళాల ఎడంగా చుట్టూ ఒక కర్ర బిగించండి. తల్లి గోడకు ఆనుకుని ఒరిగినప్పుడు వెనక చిక్కిన పిల్ల నలిగిపోకుండా ఆ సందు కాపాడుతుంది.

మన ఇళ్లలో నేల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. పాలిష్ పట్టిన కడప బండల మీద పెరిగే పిల్లలకు కాళ్లకు పట్టు దొరకదు. నిలబడడం నేర్చుకునే మూడో వారంలో కాళ్లు రెండు పక్కలకు జారిపోయి, పొట్ట నేలకు అదుముకుని కప్పలా ఈదుతున్నట్టు పాకే పిల్లలను నేను చాలాసార్లు చూశాను. కాబట్టి కింద గోనెపట్టా, దాని మీద పాత నూలు చీర పరచి, పిల్లలు మడతల్లో చిక్కుకోకుండా అంచులను బిగించండి. శెనక్కాయల పొట్టు చౌకగా దొరుకుతుందని పరుపుగా వేయకండి, దాని దుమ్ము ఆరని బొడ్డుకు అంటుకుంటుంది.

ఆహారం విషయంలో మన ప్రాంతంలో సంగటి, మజ్జిగ పెట్టి సరిపెడతారు. మామూలు రోజుల్లోనే చాలని ఆ తిండి ఇప్పుడు అసలే చాలదు. చివరి మూడు వారాల్లో, పాలిచ్చే రోజుల్లో కుక్కపిల్లలకని అమ్మే దాణానే తల్లికి పెట్టడం మంచిది. అది కుదరకపోతే ఉడికించిన కోడిమాంసం, గుడ్లు అన్నంలో కలిపి, ఉల్లి, వెల్లుల్లి, ఎముకలు లేకుండా, రోజుకు మూడు నాలుగు సార్లు కొద్దికొద్దిగా పెట్టండి. బూజు పట్టిన వేరుశెనగ చెక్కను దగ్గరకు రానివ్వకండి, అందులోని విషం కుక్కల కాలేయాన్ని దెబ్బతీస్తుంది.

58వ రోజు నుంచి ఉదయం, సాయంత్రం మలద్వారంలో థర్మామీటరు పెట్టి వేడి చూసి రాసుకోండి. మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండేది 99 కంటే తగ్గిందంటే, సాధారణంగా ఇరవై నాలుగు గంటల లోపే ఈనుతుంది. ఆ పూట అది తిండి మానేస్తుంది, రొప్పుతుంది, పక్కను గోళ్లతో గీరుతుంది. నొప్పులు మొదలయ్యాక మీరు చేయవలసింది చాలావరకు చూస్తూ కూర్చోవడమే. పిల్లను కప్పిన పొరను తల్లి ఒక నిమిషంలోగా చింపకపోతే మీరే చింపి, మూతి, ముక్కు తుడిచి, గరుకు తువ్వాలుతో వీపు రుద్దండి. తల్లి బొడ్డుతాడు కొరకకపోతే పొట్టకు అంగుళం దూరంలో నీళ్లలో మరిగించిన దారంతో కట్టి, ఆవలి వైపు కత్తిరించి, కొసకు టింక్చర్ అయోడిన్ అద్దండి. ఎన్ని పిల్లలు వచ్చాయో అన్ని మాయలు పడ్డాయా లేదా లెక్క పెట్టుకోండి.

ఎప్పుడు పరుగెత్తాలో ముందే గుర్తుంచుకోండి. బలంగా ముక్కుతూ అరగంట గడిచినా పిల్ల రాకపోయినా, ఒక పిల్ల వచ్చాక లోపల ఇంకా ఉన్నాయని తెలిసీ మరో పిల్ల రాకుండా రెండు గంటలు దాటినా, మొదటి పిల్ల రాకముందే ఆకుపచ్చని నల్లని ద్రవం కనిపించినా ఇంట్లో ఇక ఆగకూడదు. రాత్రిపూట పశువైద్యులు దొరకడం మన జిల్లాల్లో కష్టం. కాబట్టి రాత్రి వేళ వస్తామని మాట ఇచ్చిన ఇద్దరి నంబర్లు ఇప్పుడే అడిగి గోడ మీద రాసి పెట్టండి. నొప్పులు రావడానికని ఎవరో చెప్పిన ఇంజక్షన్ మాత్రం ఇంట్లో వేయించకండి. పిల్ల అడ్డం తిరిగి ఉంటే ఆ ఇంజక్షన్ వల్ల గర్భసంచి చిట్లవచ్చు.

ఇక ఎండ సంగతి. అప్పుడే పుట్టిన పిల్లకు ఒంటి వేడిని నిలుపుకునే శక్తి రెండు మూడు వారాల వరకు ఉండదు. మొదటి వారం పిల్లల పక్క దగ్గర 85 నుంచి 90 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 30 నుంచి 32 సెల్సియస్ వేడి ఉండాలి. ఏప్రిల్‌లో అనంతపురం పగటి వేడి అంతకు చాలా పైనే ఉంటుంది గనుక మీకు పగటిపూట బల్బు అవసరం లేదు, నీడా గాలీ కావాలి. కిటికీకి తడి గోనెపట్టా కట్టండి. కూలరు గాలి నేరుగా పిల్లల మీదికి కొట్టనివ్వకండి. తల్లి చల్లదనం కోసం లేచి వెళ్లడానికి ఒక వైపు ఖాళీ వదలండి. పిల్లలు గుంపుగా ఒకదాని మీద ఒకటి పడి ఉంటే చలి, దూరం దూరంగా పరచుకుని నోళ్లు తెరిచి ఉంటే వేడి ఎక్కువ. సాయంత్రం ఈదురుగాలితో వాన పడి తెల్లవారుజామున బండలు చల్లబడిన రోజు మాత్రం లేచి చూడండి.

నేను కర్నూలులో పనిచేసిన రోజుల్లో ఒక పుష్యమాసపు తెల్లవారుజామున, పదేళ్ల అబ్బాయి రెండు పిల్లలను తువ్వాలులో చుట్టి బడిసంచిలో పెట్టుకుని తెచ్చాడు. రెండూ మూడు రోజుల పిల్లలే. ఒకదాని నోట్లో వేలు పెడితే చన్నీళ్లలో పెట్టినట్టు ఉంది, ముక్కు దగ్గర పాల బుడగ ఒకటి నిలిచి ఉంది. ఆకలికి అరుస్తోందని ఇంట్లోవాళ్లు ఫిల్లరుతో పాలు పోశారట. ఒళ్లు చల్లబడిన పిల్ల పేగులు పని చేయవు, పాలు అరగవు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అది అరగంటలో నా అరచేతిలోనే పోయింది. రెండో దానికి ఇంకా పాలు పట్టలేదని తెలుసుకుని, చొక్కా లోపల ఒంటికి ఆనించుకుని గంటన్నర కూర్చున్నాను. నోరు వెచ్చబడి, చిటికెన వేలును చప్పరించడం మొదలుపెట్టాకనే తల్లి దగ్గరకు పంపాం. అది బతికింది. ముందు వేడి, ఆ తర్వాతే పాలు అన్న వరుసను ఆ రోజు నుంచి నేను ఎవరికి చెప్పినా రెండుసార్లు చెబుతాను.

పుట్టిన మొదటి రోజే ముర్రుపాలు తాగడం ఎంత ముఖ్యమో, రోజూ తూకం వేయడం అంత ముఖ్యం. వంటింటి డిజిటల్ త్రాసు చాలు. ఒక్కో పిల్లకు ఒక్కో చోట వెంట్రుకలు కొద్దిగా కత్తిరించి గుర్తు పెట్టుకుని, ప్రతి ఉదయం ఒకే వేళకు తూచి నోటు పుస్తకంలో రాయండి. మొదటి రోజు కొద్దిగా తగ్గినా ఫరవాలేదు గానీ, తర్వాత రోజురోజుకూ పెరుగుతూ ఎనిమిది నుంచి పది రోజులకు పుట్టినప్పటి బరువుకు రెట్టింపు కావాలి. 350 గ్రాముల పిల్ల పదో రోజుకు 700 దగ్గర ఉండాలన్నమాట. రెండు రోజులు వరసగా పెరగని పిల్లను, అది చూడడానికి చురుగ్గా ఉన్నా సరే, డాక్టరుకు చూపించండి. మన కంటికి తెలియకముందే త్రాసుకు తెలుస్తుంది. మిగిలినవాటిని వెనుకవైపు ఎక్కువ పాలున్న రొమ్ముల నుంచి కాసేపు తప్పించి, చిన్నదాన్ని అక్కడ పట్టించడం మంచి ఉపాయం.

పై పాలు పట్టక తప్పకపోతే కుక్కపిల్లల కోసం అమ్మే పాలపొడే వాడండి. కుక్క పాలలో మాంసకృత్తులు, కొవ్వు ఆవు పాలలో కంటే దాదాపు రెట్టింపు ఉంటాయి. పసిబిడ్డను పట్టుకున్నట్టు వెల్లకిలా పడుకోబెట్టకూడదు, బోర్లా ఉంచి తల కొద్దిగా ఎత్తి పట్టాలి. కళ్లు 10 నుంచి 14 రోజుల మధ్య వాటంతట అవే తెరుచుకుంటాయి, మీరు తెరవకండి. రెండు వారాలకు నులిపురుగుల మందు మొదలుపెట్టి, ఎనిమిది వారాల వరకు రెండేసి వారాలకు ఒకసారి పిల్లలకూ తల్లికీ కలిపి వేయించండి. ఏలికపాములు తల్లి కడుపులో ఉండగానే పిల్లలకు సోకుతాయి, ఇంట్లోని చిన్నపిల్లలకూ పాకుతాయి. కాబట్టి కుక్కపిల్లలతో ఆడిన చేతులను సబ్బుతో కడిగించడం మరవకండి.

ప్రశ్న: మా పామరేనియన్ ఐదు పిల్లలను పెట్టింది. ఇరవయ్యో రోజున ఉన్నట్టుండి వణుకు మొదలై, కాళ్లు బిగుసుకుపోయి పడిపోయింది. డాక్టరుగారు సెలైన్‌తో క్యాల్షియం ఎక్కించి బతికించారు. మేము రోజూ రాగి సంగటే పెడుతున్నాం. రాగుల్లో క్యాల్షియం ఎక్కువ కదా, ఇలా ఎందుకు జరిగింది?
(ఒక పాఠకుడు, కడప)

జవాబు: రాగుల్లో క్యాల్షియం ఎక్కువన్న మాట నిజమే. 100 గ్రాములకు 350 మిల్లీగ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. అయితే రాగుల్లోనే ఉండే ఫైటేట్ అనే పదార్థం అందులో కొంత భాగాన్ని ఒంటికి పట్టనివ్వదు. అంతకంటే ముఖ్య కారణం మరొకటి ఉంది. చిన్న ఒంటి తల్లి ఐదు పిల్లలకు పాలిస్తున్నప్పుడు, తిండి నుంచీ ఎముకల నుంచీ క్యాల్షియం రక్తంలోకి చేరే వేగం కంటే పాలలోకి పోయే వేగం ఎక్కువవుతుంది. పాలు బాగా ఊరే రెండు నుంచి నాలుగు వారాల మధ్యనే ఇది ఎక్కువగా వస్తుంది. అంటే మీరు సంగటి తక్కువ పెట్టినందుకు వచ్చింది కాదు, ఎక్కువ పెడితే ఆగేదీ కాదు. కడుపుతో ఉన్నప్పుడే క్యాల్షియం మాత్రలు వేస్తే మేలని కొందరు అనుకుంటారు. అది ఇంకా ప్రమాదం, ఎందుకంటే ఎముకల నుంచి క్యాల్షియం తీసే గ్రంథి పని మందగించి, అసలు అవసరం వచ్చినప్పుడు అందుకోలేకపోతుంది.

ఈసారి వచ్చింది కాబట్టి మళ్లీ వచ్చే అవకాశం ఉంది. మూడు వారాలు నిండాయి గనుక పిల్లలకు నానబెట్టిన దాణాను మెత్తగా చేసి పళ్లెంలో పెట్టడం ఇప్పుడే మొదలుపెట్టి, తల్లి మీద భారం తగ్గించండి. ఈనిన తర్వాత వేయవలసిన క్యాల్షియం మోతాదు డాక్టరుగారే రాయాలి. ఊరికే రొప్పడం, మూతి రుద్దుకోవడం, పిల్లలను పట్టించుకోకుండా అటూ ఇటూ తిరగడం కనిపిస్తే వణుకు వచ్చేదాకా ఆగకుండా, పిల్లలను విడదీసి బయలుదేరండి.

ప్రశ్న: అనుకోకుండా పుట్టిన ఆరు పిల్లలకు నాలుగు వారాలు నిండాయి. మగవాటిని ఇప్పుడే ఇచ్చేయమని ముగ్గురు అడుగుతున్నారు, ఆడవాటిని ఎవరూ అడగడం లేదు. ఊరి బయట వదిలేయమని మా మామగారు అంటున్నారు.
(ఒక పాఠకురాలు, కర్నూలు)

జవాబు: ఎనిమిది వారాలు నిండేదాకా ఎవరికీ ఇవ్వకండి. ఎంత గట్టిగా కొరికితే ఎదుటివాడికి నొప్పి పుడుతుందో పిల్లలు నేర్చుకునేది ఈ నాలుగు వారాల్లోనే, తోటి పిల్లలతో ఆడుతూనే. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య పార్వో, డిస్టెంపర్ అనే జబ్బులు రాకుండా వేసే టీకా మొదటి మోతాదు మీ ఇంట్లోనే పడాలి, తర్వాత మూడు నాలుగు వారాలకు ఒకసారి పదహారు వారాల వరకు తీసుకువెళ్లినవాళ్లు వేయించాలి. మూడు నెలలకు రేబిస్ టీకా వేయించాలి. ఈ తేదీలను ఒక కాగితం మీద రాసి పిల్లతోపాటు ఇవ్వండి.

మీ మామగారికి నచ్చజెప్పవలసిన మాట ఇది. వదిలేసిన కుక్కపిల్ల ఊరి బయట రెండు రోజులు కూడా బతకడం కష్టం. పెంచుకునే జంతువును అలా వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం కూడా. ఆడపిల్లలను ఎవరూ అడగకపోవడానికి కారణం మళ్లీ మళ్లీ ఈనుతాయన్న భయమే. కాబట్టి అడిగినవాళ్లకు, ఆరో నెల తర్వాత పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించవచ్చనీ, వీలైతే ఆ ఖర్చులో సగం మీరే పెట్టుకుంటామనీ చెప్పి చూడండి. ఇలా చెప్పి రెండు ఆడపిల్లలను తోట కాపలాకు ఇచ్చినవాళ్లు నాకు తెలుసు. మిగిలినవాటికి ఇల్లు దొరికేదాకా అవి మీ దగ్గరే ఉండాలి.

తల్లి సంగతి మరచిపోకండి. పిల్లలు పాలు మానేసి, రొమ్ములు ఎండిన తర్వాత, అంటే ఈనిన రెండు నెలలకు అటూ ఇటూగా, దానికి ఆపరేషను చేయించాలి. దాదాపు ఆరు నెలలకోసారి అది మళ్లీ ఎదకు వస్తుంది. ఎద మూడు వారాలు ఉంటుంది, రక్తం ఆగినట్టు కనిపించే రెండో వారంలోనే అది మగకుక్కలను దగ్గరకు రానిస్తుంది. ఆపరేషనుకు తేదీ ఇప్పుడే తీసుకోండి. ఆ పూట తిండి ఎప్పుడు ఆపాలో డాక్టరుగారిని అడిగి ఉంచుకుని, కుట్లు మానే పది పన్నెండు రోజులు అది వాటిని నాకకుండా మెడకు ప్లాస్టిక్ కాలర్ కట్టి ఉంచండి.