సీ ప్రోగ్రామ్ చదవడం ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: డిప్లొమా మొదటి సంవత్సరం చదువుతున్నాను. సీ ల్యాబ్‌లో రికార్డు చూసి టైప్ చేస్తే అవుట్‌పుట్ వచ్చేస్తుంది. రికార్డు మూసేసి అదే ప్రోగ్రామ్ రాయమంటే మాత్రం రెండో లైన్ దగ్గరే ఆగిపోతాను. ఇంక్లూడ్, మెయిన్, రిటర్న్ జీరో... ఇవన్నీ బట్టీ పట్టాల్సిందేనా? ప్రాక్టికల్స్ అంటేనే టెన్షన్‌గా ఉంది. - ఒక విద్యార్థిని, కాకినాడ

జవాబు: బట్టీ అస్సలు వద్దమ్మా. ప్రోగ్రామ్‌ని పైనుంచి కిందికి చదువుతున్నారు కాబట్టే మొదట్లోనే తెలియని మాటలు అడ్డం పడుతున్నాయి. ముందు మెయిన్ ఎక్కడుందో వెతకండి. ప్రోగ్రామ్ ఎంత పెద్దదైనా మీరు రాసిన పని మొదలయ్యేది అక్కడే. దాని పక్కన గుండ్రటి బ్రాకెట్లు ఉన్నాయంటే అది ఫంక్షన్ అని గుర్తు, తర్వాత వచ్చే మీసాల బ్రాకెట్ల మధ్య ఉన్నదంతా ఆ ఫంక్షన్ చేసే పని.

ఇక పైన హ్యాష్‌తో మొదలయ్యే ఇంక్లూడ్ లైన్. అది కంపైలేషన్‌కి, అంటే ప్రోగ్రామ్‌ని మెషీన్ భాషలోకి మార్చే పనికి, ముందే పూర్తయిపోతుంది. ఎస్‌టీడీఐఓ డాట్ హెచ్ అనే ఫైల్లో ఉన్నదంతా తెచ్చి అక్కడ పెట్టమని దానర్థం. ప్రింట్‌ఎఫ్ అనే ఫంక్షన్ ఒకటుందని, దానికి ఏమేం ఇవ్వాలో అని చెప్పే వివరం ఆ ఫైల్లో ఉంటుంది. ప్రింట్‌ఎఫ్ అసలు కోడ్ మాత్రం అందులో ఉండదు, లైబ్రరీలో ఉంటుంది, చివర్లో లింకర్ దాన్ని తెచ్చి మీ ప్రోగ్రామ్‌కి కలుపుతుంది. వైవాలో ఈ ప్రశ్న అడిగితే చాలామంది తడబడతారు, మీరు ధైర్యంగా చెప్పండి. రిటర్న్ జీరో అంటే పని సవ్యంగా ముగిసిందని ఆపరేటింగ్ సిస్టమ్‌కి చెప్పడం, అంతే.

ఇప్పుడు లోపలి భాగం. రెండు సబ్జెక్టుల మార్కుల సగటు కావాలనుకోండి. ఏ, బీ అని రెండు ఇంట్ వేరియబుల్స్ (పూర్ణాంకాలు దాచుకునే చోట్లు) పెడతారు, స్కాన్‌ఎఫ్‌తో విలువలు తీసుకుంటారు, కూడి 2తో భాగిస్తారు, ప్రింట్‌ఎఫ్‌తో చూపిస్తారు. మొదట్లో రాసే ప్రోగ్రాములు చాలావరకు ఈ వరసలోనే నడుస్తాయి. 45, 50 ఇచ్చి చూడండి. 47.5 రావాలి కదా, 47 వస్తుంది! రెండు పక్కలా పూర్ణాంకాలే ఉంటే సీ దశాంశ భాగాన్ని వదిలేస్తుంది. 2 బదులు 2.0 అని రాసి, జవాబుని దశాంశాలు పట్టే ఫ్లోట్ వేరియబుల్‌లో పెట్టి, ప్రింట్‌ఎఫ్‌లో మాత్రం పూర్ణాంకానికి వాడే పర్సెంట్ డీ తీసేసి దశాంశానికి వాడే పర్సెంట్ ఎఫ్ పెడితే సరిపోతుంది. స్కాన్‌ఎఫ్‌లో ఏ, బీల ముందు అండ్ గుర్తు మరిచిపోకండి, అది లేకపోయినా కంపైల్ అయిపోవచ్చు, రన్ చేసేటప్పుడే దెబ్బ తగులుతుంది.

సెమీకోలన్ మర్చిపోతే ఎర్రర్ చాలాసార్లు తర్వాతి లైన్ మీద చూపిస్తుంది, కాబట్టి దాని పైలైన్ కూడా చూడండి. రోజూ ముందు ఖాళీ మెయిన్ మాత్రమే రాసి రన్ చేసి, తర్వాత ఒక్కో లైన్ కలుపుతూ వెళ్లండి, ఎర్రర్ వస్తే ఏ లైన్‌తో వచ్చిందో మీకే తెలిసిపోతుంది.

ప్రశ్న: మా అబ్బాయికి కాలేజీలో చక్కగా ఆడే ప్రోగ్రామ్ ఇంట్లో లైనక్స్ ల్యాప్‌టాప్‌లో కోనియో డాట్ హెచ్ దొరకలేదని ఆగిపోతోంది. ల్యాప్‌టాప్ లోపమా? - ఒక తల్లి, ఖమ్మం

జవాబు: కాదండీ, ల్యాప్‌టాప్ బాగానే ఉంది. కోనియో డాస్ కాలపు టర్బో సీ లాంటి కంపైలర్లతో వచ్చిన ఫైల్, సీ భాష ప్రమాణంలో అది లేదు, లైనక్స్‌లోని జీసీసీ అనే కంపైలర్‌తో రాదు. ఆ లైన్, దాంతోపాటు స్క్రీన్ తుడిచే లైన్, చివర్లో కీ నొక్కేదాకా ఆపే గెట్‌సీహెచ్ లైన్ తీసేయమనండి. వాయిడ్ మెయిన్ అని ఉంటే ఇంట్ మెయిన్ అని మార్చమనండి. లెక్కలు చేసే భాగాన్ని ముట్టుకోవాల్సిన పనే లేదు.