పుచ్చకాయల సంతకు వెళ్తున్న మేనకోడలికి

చిట్టీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసి నీకు షాంఘైలో సీటు వచ్చిందని చెప్పింది. సంతోషం పట్టలేక, నిద్రపోతున్న మీ అత్తయ్యను లేపి మరీ చెప్పాను. మన ఇంట్లో ఇంతవరకూ చైనా వెళ్ళినవాణ్ణి నేనొక్కణ్ణే. అదీ యీవూ బజారులో జడపిన్నులు, పూసలు కొని బేగంబజారు టోకు కొట్లకు పంపడానికి. నువ్వు చదువుకోవడానికి వెళ్తున్నావు. అక్క అంతటితో ఆపి ఉంటే నేనూ హాయిగా పడుకునేవాణ్ణి. కానీ ఇంకో మాట కూడా చెప్పింది. అక్కడి జనం ఫోనుల్లో ఎవరి గురించి చెవులు కొరుక్కుంటున్నారో, దేని మీద కొట్టుకుంటున్నారో వారం వారం తెలుగులో రాస్తావట. అక్కడ నీ పేరుతో ఖాతా కూడా తెరుస్తావట. తెల్లవారుజామున మూడింటికి లేచి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

తేలిక విషయాలు ముందు చెప్పేస్తాను. దిగిన రోజే పాస్‌పోర్టు చూపించి అక్కడి సిమ్ము తీసుకో. సరిహద్దు గురించీ పార్టీ గురించీ అక్కడ కూర్చుని ఒక్క ముక్క రాయకు. చదువు ముగించుకుని వచ్చాక నీ ఇష్టం. మొదటి ఆరు నెలలు అసలు ఏమీ రాయకు, చదువు. నోరు విప్పకుండా చదివేవాణ్ణి వాళ్ళు 'నీళ్ళలో మునిగినవాడు' అంటారు. నువ్వూ మునిగే ఉండు.

మనకు రచ్చబండ ఉన్నట్టు వాళ్ళకు వీబో ఉంది. 2009 నుంచీ ఉంది. అందులో ఆ పూట జనం ఎక్కువగా వెతుకుతున్న 50 విషయాల పట్టిక ఒకటి ఉంటుంది. పొద్దున్న లేవగానే పళ్ళు తోముకోకముందే దాన్ని చూసే జనాన్ని నేనెరుగుదును. బాగా రాజుకున్న విషయం పక్కన 'పేలింది' అనే అర్థం వచ్చే అక్షరం వెలుగుతుంది. ఎక్కువసార్లు పేలేది సినిమావాళ్ళ విడాకులే. ఆ పట్టికను పూర్తిగా నమ్మకు. డబ్బు తీసుకుని గుంపుగా వ్యాఖ్యలు రాసేవాళ్ళను అక్కడ 'నీటి సైన్యం' అంటారు. పైగా ప్రభుత్వానికి కోపం వచ్చి 2018లో ఒకసారి, 2020లో మరోసారి ఆ పట్టికను వారం రోజులు ఆపించింది. వీచాట్ వేరు. అది ఇంటి వసారా లాంటిది, తెలిసినవాళ్ళ మధ్యే నడుస్తుంది. అందుకే అది ఎక్కువ ప్రమాదం, ఎందుకో కాసేపట్లో చెబుతాను. నువ్వు ఖాతా తెరుస్తానన్న షియావోహోంగ్‌షు 2013లో షాంఘైలోనే పుట్టింది. ఏ క్రీము కొనాలి అన్నది మొదలు ఏ మొగుణ్ణి వదిలెయ్యాలి అన్నదాకా అక్కడ ఆడపిల్లలు ఒకరినొకరు అడుగుతారు. 2025 జనవరిలో టిక్‌టాక్ ఆగిపోతుందన్న భయంతో అమెరికావాళ్ళు వచ్చిపడితే, లోపలికి రావడానికి పన్ను కింద ఒక పిల్లి ఫోటో ఇమ్మన్నారు. అంత చమత్కారం ఉన్న జనం వాళ్ళు. అది మరిచిపోయి రాస్తే నీ రాతలు ఎండుగడ్డిలా ఉంటాయి.

ఈ వ్యవహారం మొత్తానికి వాళ్ళు పెట్టుకున్న పేరు 'పుచ్చకాయ తినడం'. ఎవరి ఇంట్లోనో గొడవ జరుగుతుంటే మనం గట్టు మీద కూర్చుని చూస్తాం చూడు, అది. కొత్త కబురు వస్తే 'కొత్త పుచ్చకాయ' అంటారు. తినేవాడికి చేతులు జిగురవుతాయి తప్ప ఏమీ కాదని అందరి నమ్మకం. నేనూ అలాగే నమ్మాను.

నువ్వు తెలుగు చెయ్యబోయే మాటల గురించి ఒకటి రెండు చెప్పాలి, ఎందుకంటే నీకు తొందర ఎక్కువ. నా పోలికే. పెళ్ళికి ముందు మగపిల్లవాడి వాళ్ళు ఆడపిల్ల ఇంటికి ఇచ్చే డబ్బు గురించి అక్కడ ఏటా యుద్ధాలు జరుగుతాయి, అందులోనూ జియాంగ్షీ రాష్ట్రం పేరెత్తితే చాలు. దాన్ని 'కట్నం' అని రాశావో, కథ తలకిందులవుతుంది. మన పాత మాట 'ఓలి' ఉంది, అది వాడు. ఎందుకంత పెరిగిందో కూడా రాయి. 2020 జనాభా లెక్కల్లో ఆడవాళ్ళకంటే మగవాళ్ళు సుమారు 3.49 కోట్ల మంది ఎక్కువ తేలారు. అలాగే 2021లో కుర్రవాళ్ళు 'పడుకుండిపోతాం' అని మొదలుపెట్టారు. దాన్ని సోమరితనం అని తేల్చెయ్యకు. పొద్దున్న తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా, వారానికి ఆరు రోజులు పని చేయించుకునే అలవాటు ఉన్న చోట ఆ మాట పుట్టింది. ఆ పద్ధతి చట్టవిరుద్ధమని అదే ఏడు ఆగస్టులో వాళ్ళ సుప్రీంకోర్టే చెప్పింది.

శ్లేష మాత్రం బాగా నేర్చుకో. మాట తుడిచేస్తారన్న భయం ఉన్నచోట జనం అదే ధ్వని వచ్చే ఇంకో మాటతో పని నడుపుతారు. పోస్టును తీసేస్తే, సర్కారు నినాదంలోని మాటతో 'సామరస్యం చేశారు' అనడానికి బదులు 'నదిపీత' అంటారు, చైనీస్‌లో పలికేటప్పుడు రెండూ దాదాపు ఒకటే. 2023 జూన్‌లో జియాంగ్షీలో ఒక కాలేజీ కుర్రవాడి అన్నంలో ఎలుక తలకాయ వచ్చింది. అధికారులు అది బాతు మెడ మాంసం అన్నారు. రెండు వారాల తర్వాత పైనుంచి వచ్చినవాళ్ళు ఎలుకే అని ఒప్పుకున్నారు. ఈలోగా జనం 'జింకను చూపించి గుర్రం అనడం' అనే రెండువేల ఏళ్ళనాటి సామెతను తిప్పి 'ఎలుకను చూపించి బాతు అనడం' చేసేశారు. ఇలాంటిది రాయి, మన వాళ్ళు ఎంత ఆనందిస్తారో చూడు. టోఫు మెత్తని ముద్దలో ఉప్పు వెయ్యాలా, తీపి వెయ్యాలా అని ఉత్తరాదివాళ్ళూ దక్షిణాదివాళ్ళూ ఏళ్ళ తరబడి పోట్లాడుకోవడం రాయి. సాంబారులో బెల్లం ముక్క వేసినందుకు మీ నాన్నమ్మ మీ అమ్మతో రెండు రోజులు మాట్లాడలేదు. మీ పాఠకులకు ఇంతకంటే వివరణ అక్కర్లేదు.

ఇక్కడి నుంచి నా భయం. నువ్వు సుమారు పదేళ్ళ పిల్లప్పుడు మా ఇంటికి వచ్చి, బీరువాలో ఒక అద్దాల సంచి చూసి కావాలన్నావు. లంబాడీ కుట్టు, ఎర్ర గుడ్డ, గవ్వల అంచు. నేను ఎన్నడూ లేనిది నీ మీద కేకలేశాను. నువ్వు ఏడుస్తూ వెళ్ళి మీ అత్తయ్య కొంగు పట్టుకున్నావు. ఆ సంచి కథ మీ అత్తయ్యకు కూడా సగమే తెలుసు.

యీవూ బజారు మొదటి విభాగం రెండో అంతస్తులో జడపిన్నుల కొట్టు నడిపే ఆవిడ ఉండేది. అక్కడ అందరినీ పిలిచినట్టే ఆవిడనూ 'యజమానురాలు' అని పిలిచేవాణ్ణి. 2006లో నాకు చైనీస్‌లో లెక్కపెట్టడం కూడా రాని రోజుల్లో కాలిక్యులేటర్ మీద అంకెలు నొక్కి చూపిస్తూ నాకు భాష నేర్పింది ఆవిడే. ఒక దీపావళికి హైదరాబాదు నుంచి ఆ సంచి తెచ్చి ఇచ్చాను. అది తప్ప ఇంకో సంచి పట్టుకునేది కాదు. యీవూ మొత్తం మీద అలాంటిది ఒక్కటే.

2015 చలికాలం. మా వర్తకుల వీచాట్ గుంపులో రెండువందల మందికి పైగా ఉండేవాళ్ళం. కొట్లవాళ్ళు, సరుకు ఎగుమతి చేసేవాళ్ళు, నాలాంటి విదేశీ కొనుగోలుదార్లు. ఒక రోజు ఎవరో ఫోటో పెట్టారు. రాత్రిపూట, హోటలు ముందు, ఒక విదేశీ వర్తకుడి భుజం పట్టుకుని కారు ఎక్కిస్తున్న స్త్రీ. వెనక నుంచి తీశారు, మొహం లేదు. "ఏ కొట్టు యజమానురాలో చెప్పుకోండి" అని కింద రాశారు. జనం తలా ఒక పేరు విసిరారు, అన్నీ తప్పులే. ఎవరూ ఎవరినీ నమ్మలేదు. ఇంకో పది నిమిషాల్లో ఎవరో చలికి పగిలిన గొట్టం ఫోటో పెట్టేవాళ్ళు, ఇది మరుగున పడేది.

నాకు అప్పుడప్పుడే చైనీస్ రాయడం వచ్చింది. ఆ గుంపులో నేను రాస్తే "అబ్బో, బాగా రాశావు" అని పొగిడేవాళ్ళు. ఆ పొగడ్తకు ఆశపడ్డాను చిట్టీ. ఇంకో కారణం ఏదీ లేదు, ఆవిడ మీద నాకు కోపం కూడా లేదు. ఆరే ఆరు అక్షరాలు రాశాను: 'ఈ సంచి నాకు తెలుసు'. పక్కన ఒక నవ్వు బొమ్మ పెట్టాను. తర్వాత భోజనానికి వెళ్ళాను.

వీచాట్‌లో పంపిన మాటను రెండు నిమిషాల్లోపే వెనక్కి తీసుకోగలం. నేను ముప్పావుగంటకు ఫోను చూశాను. నూటికి పైగా సందేశాలు. ఎవరో నా మాటను ఫోటో తీసి మూడు గుంపులకు పంపారు. ఆవిడ అత్తగారి ఊరివాళ్ళ గుంపు అందులో ఒకటి.

జరిగింది ఏమిటంటే, ఆ వర్తకుడికి మూత్రపిండంలో రాయి నొప్పి వచ్చింది. అతనికి చైనీస్ రాదు. అర్ధరాత్రి తెలిసిన మనిషని ఆవిడకు ఫోను చేశాడు. ఆవిడ వెళ్ళి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. మర్నాడు పొద్దున్న ఆవిడ భర్తే అతనికి గంజి పట్టుకెళ్ళి ఇచ్చాడు. ఇదంతా బయటికి వచ్చేసరికి ఎవరికీ వినే తీరిక లేదు, ఇంకో పుచ్చకాయ కోశారు. కొట్టు 23 రోజులు మూసి ఉంది. బడిలో ఆవిడ కూతురి పక్కన కూర్చునే పిల్ల చోటు మార్చుకుంది.

తెరిచిన రోజు వెళ్ళాను. క్షమించమని చెప్పడానికి ముందురాత్రి వాక్యాలు రాసి కంఠస్థం చేశాను. ఆవిడ ఎప్పటిలాగే టీ పోసింది. నేను అప్పగించినట్టు చెబుతుంటే ఆగమని చెయ్యి ఎత్తి, నాకు అర్థమయ్యేలా నెమ్మదిగా అంది: "అబద్ధాలు చాలామంది చెప్పారు. వాటిని ఎవరూ నమ్మలేదు. నువ్వు నిజం చెప్పావు. అందుకే నమ్మారు." తర్వాత సొరుగులోంచి సంచి తీసి, ఉతికి మడతపెట్టినది, నా చేతిలో పెట్టింది. సరుకు మాత్రం ఆపలేదు. ఆ నెల కూడా నాకు పాత ధరకే ఇచ్చింది. ధర పెంచి ఉంటే కొంచెం తేలికగా ఉండేది.

2020లో హాంగ్‌ఝౌలో ఒకావిడ పార్శిల్ తీసుకోవడానికి గేటు దగ్గరికి వస్తే, పక్క కొట్టువాడు తొమ్మిది సెకన్ల వీడియో తీశాడు. స్నేహితుడితో కలిసి ఆవిడకూ పార్శిల్ కుర్రవాడికీ సంబంధం ఉన్నట్టు దొంగ సంభాషణ అల్లి గుంపులో వదిలాడు. ఆవిడ ఉద్యోగం పోయింది. ఆవిడ ఊరుకోలేదు, ప్రభుత్వమే కేసు నడిపింది, 2021 ఏప్రిల్‌లో ఇద్దరికీ ఏడాది శిక్ష వేసి రెండేళ్ళపాటు నిలిపి ఉంచారు. ఆ వార్త హైదరాబాదులో కూర్చుని చదివి అన్నం ముందునుంచి లేచిపోయాను. పరువు తీసే అబద్ధాన్ని 500 మంది పంచినా, 5000 మంది చూసినా నేరం కిందికి రావచ్చని 2013లోనే అక్కడ నియమం పెట్టారు. నేను చేసినదానికి ఏ నియమమూ లేదు. నేను అబద్ధం చెప్పలేదు కదా.

అందుకని చెబుతున్నాను. నువ్వు వారం వారం రాయబోయేదానిలో అబద్ధం ఉండదు, నీ పెంపకం నాకు తెలుసు. నా భయం నీ నిజాల మీద. గది పంచుకునే పిల్ల ఏడ్చిన రాత్రి, తరగతిలో ఎవరో అన్న మాట, రైల్లో పక్క సీటువాళ్ళ పోట్లాట, ఇవన్నీ నీకు రాతకు పనికొచ్చే ముక్కల్లా కనిపిస్తాయి. తెలుగులో రాస్తే వాళ్ళకేం తెలుస్తుందనుకోకు. ఫోనే అనువాదం చేసి పెడుతుంది. ఒక వ్యాఖ్య చూసి 'చైనావాళ్ళు ఇలా అనుకుంటున్నారు' అని కూడా రాయకు. ఆ వ్యాఖ్య రాసినవాడు బహుశా పొగడ్తకు ఆశపడిన నాలాంటి మరొక జడపిన్నుల వర్తకుడు.

ఇంకొకటి. 2022 ఏప్రిల్ నుంచి అక్కడ ప్రతి ఖాతా కింద ఏ చోటినుంచి రాస్తున్నారో కనిపిస్తుంది. షాంఘైలో ఉన్నంతకాలం 'షాంఘై' అని పడుతుంది. సంక్రాంతికి ఇంటికొచ్చి ఏదైనా పెడితే 'భారతదేశం' అని పడుతుంది. అప్పుడు వస్తారు. మన వీధి తిండి వీడియోల కింద 'శుభ్రం, ఆరోగ్యకరం' అని వెక్కిరించేవాళ్ళు కొందరుంటారు. నేను ఒకసారి వరుసగా మూడు రాత్రులు వాళ్ళతో వాదించాను. నాలుగో రోజు ఓడలో ఎక్కాల్సిన సరుకు తప్పిపోయింది. నువ్వు నవ్వి ఊరుకో. కానీ అక్కడ నవ్వు బొమ్మ పంపకు. ఆ పసుపు చిరునవ్వు మా వయసువాళ్ళకు మర్యాద, మీ వయసువాళ్ళకు తిట్టు. సరుకు ఎగుమతి కొట్లో పనిచేసే అమ్మాయికి నేను ఏడాదిపాటు రోజూ అదే పంపాను. నాకు తనమీద ఎందుకంత కోపమో అని పాపం వాళ్ళ యజమానిని అడిగిందట.

ఇన్ని చెప్పాను కదా అని మానెయ్యకు. రాయి. నీ మొదటి వారం రాత నాకే ముందు పంపు, మీ నాన్నగారికి కాదు. బావగారు అన్నీ బాగున్నాయంటారు.

నేను 2020 సంక్రాంతికి వచ్చి మళ్ళీ వెళ్ళలేదు. మార్చిలో వాళ్ళు సరిహద్దులు మూశారు, జూన్‌లో మన ప్రభుత్వం వీచాట్ ఆపేసింది. ఆవిడతో నాకున్న దారి అదొక్కటే. షాంఘై నుంచి యీవూకు వేగం రైల్లో రెండు గంటల లోపే. ఒక ఆదివారం వెళ్ళు. కొట్టు నంబరు విడిగా రాసి పంపుతాను. కాకినాడ కాజాలు ఒక పెట్టె తీసుకెళ్ళు, చేతి సంచిలో పెట్టుకో, పెద్ద పెట్టెలో అయితే నలిగిపోతాయి. అద్దాల సంచి మాత్రం తీసుకెళ్ళకు, అది నీకే. ఎవరి పిల్లవో చెప్పు. టీ ఇస్తే తాగు. అక్కడ నీకు ఫోటో తియ్యాలనిపిస్తుంది, నాకు చూపించడానికైనా సరే. వద్దు. బయటికొచ్చాక ఫోను చేసి, జుట్టు నెరిసిందో లేదో చెప్పు, చాలు.

నీ మామయ్య